పురుగుల కార్డు మీద సాయిప్రియ పేరు

మా అన్న ఆంజప్పకు పట్టుపురుగుల గురించి తెలియనిది లేదు, మనుషుల గురించి తెలిసింది లేదు. ఈ మాట అతని ముఖం మీదే చాలాసార్లు అన్నాను. అతనికి కోపం రాదు. "పురుగుకు కార్డు ఉండాది సుధా. మనిషికి కార్డు యాడుండాది" అంటాడు.

కార్డంటే పట్టు ఆఫీసు వాళ్ళు పురుగుల షెడ్డు కోసం ఇచ్చే అట్ట. దాని మీద గడులు గీసి ఉంటాయి. తేదీ, వేడి, తేమ, ఆకు వేసిన వేళలు, చచ్చినవి, ఇతర విషయాలు. మా వైపు చాలామంది దాన్ని రెండు రోజులు నింపి, మూడో రోజు నుంచి దానితో విసురుకుంటారు. మా అన్న మాత్రం పంతొమ్మిదేళ్ళుగా ఒక్క పూట వదలకుండా నింపుతున్నాడు. పాత కార్డులన్నీ కట్టలు కట్టి అటక మీద పెట్టాడు. తన పెళ్ళి ఫోటో ఎక్కడుందో అతనికి తెలియదు గాని, పదేళ్ళ క్రితం ఆగస్టు మూడో తారీఖు మధ్యాహ్నం షెడ్డులో ఎంత వేడి ఉందో అడిగితే నిమిషంలో తీసి చూపిస్తాడు.

నా పేరు సుధామణి. కెలమంగలం బస్టాపు దగ్గర టైలరింగ్ అంగడి పెట్టుకున్నాను. ఉండేది ఊళ్ళో అన్న ఇంట్లోనే. నా పెళ్ళి మాట ఎత్తిన వాళ్ళు నాతో ఒకసారి మాట్లాడి మళ్ళీ ఎత్తలేదు. నాకు నోరు ఎక్కువని పేరు. ఆ నోటికి పరువు పిచ్చి కూడా ఉంది. ఇంట్లో జరిగింది గడప దాటకూడదు. తప్పక దాటాల్సి వస్తే, నేను కత్తిరించి, కుట్టి, ఇస్త్రీ చేసి పంపిస్తాను.

ఈసారి గడప దాటకూడనిది మా అన్న కూతురు సాయిప్రియ సంగతి. పిల్ల పదో తరగతి. డిసెంబరు పరీక్షల్లో లెక్కల పేపరు రాస్తుండగా చేతులు వణికాయి, గుండె దడదడలాడింది, ఊపిరి ఆడలేదు. పేపరు అక్కడే పెట్టి బయటికి వచ్చేసింది. సెలవుల తర్వాత బడి తెరిచినా పోలేదు. పొద్దున యూనిఫాం వేసుకునేది, జడ వేయించుకునేది, బస్సు హారన్ వినబడగానే కడుపునొప్పి అనేది. రెండో వారానికి జడ కూడా మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. ఒకరోజు ఆ గోడకే చెప్పినట్టు చెప్పింది.

"నేను పది రాయను. ఇంక బడికి పోను. షెడ్డులో ఆకు వేసుకుంటా ఉంటాను."

ఫిబ్రవరి పదో తారీఖున రివిజన్ పరీక్ష, మొదటి పేపరు లెక్కలే. అప్పటికి ఆ గది దాటి రాకపోతే మార్చిలో పబ్లిక్ పరీక్ష కూడా పోయినట్టే. క్లాసులో రెండో స్థానం తగ్గని పిల్ల ఆకు వేసుకుంటానంటే మాకు అన్నం సహించలేదు. మా అమ్మ తిమ్మమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. వదిన నళిని ఏడ్చింది. నేను తిట్టాను. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే.

ఇంతలో బడి నుంచి కబురొచ్చింది. వారానికి ఒకరోజు కృష్ణగిరి నుంచి రేణు మేడం అని ఒకామె పిల్లలతో మాట్లాడటానికి వస్తుందట. వదినకు ఆకు కోత ఉండటంతో అన్నతో నేను వెళ్ళాను.

రేణు మేడం చిన్న వయసుది, తమిళం కలిసిన తెలుగులో మెల్లగా మాట్లాడింది. సాయిప్రియది పొగరు కాదు, సోమరితనం కాదు, భయం ఒంట్లోకి ఎక్కి కూర్చుంది, తోస్తే దిగదు అని చెప్పింది. తిట్టవద్దంది. ఇంకొకరి పిల్లతో పోల్చవద్దంది. చిన్న చిన్న అడుగులు వేయించమంది. "రోజూ ఎట్లా తింటుంది, ఎట్లా నిద్రపోతుంది, ఎంత మాట్లాడుతుంది, గమనించండి. చూసింది ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టండి, నేను చూస్తాను" అంది. రాయడం అనగానే మా అన్న కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

ఆఖరికి ఆమె అడిగింది. "మీ ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా ఇట్లా అయిందా?"

అన్న నోరు తెరిచాడు. అతని కంటే ముందు నేను తెరిచాను.

"లేదు మేడం. మా ఇంట్లో అందురూ గట్టివాళ్ళే."

అన్న నోరు మూసుకుని తన చెప్పులవైపు చూసుకున్నాడు. నేను చెప్పింది అబద్ధం. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

ఇంటికి రాగానే అన్న షెడ్డులోకి వెళ్ళి కొత్త కార్డు ఒకటి తెచ్చాడు. పైన 'పురుగుల జాతి' అన్న చోట కొట్టేసి 'సాయిప్రియ' అని రాశాడు. పిల్ల గది తలుపు పక్కన మేకు కొట్టి తగిలించాడు.

"నోట్‌బుక్ కదా ఆయమ్మ చెప్పింది" అన్నాను.

"నోట్‌బుక్‌లో గడులు ఉండవు" అన్నాడు.

కార్డు ఒక్కటే అయితే సరిపెట్టుకునేదాన్ని. షెడ్డు చట్టాలన్నీ ఇంట్లోకి వచ్చాయి. పురుగుల దగ్గరికి పోయేవాళ్ళు బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు కడగాలి కాబట్టి పిల్ల గది ముందు తొట్టి పెట్టాడు. గడప మీద సున్నం పొడి చల్లాడు. పురుగులకు ఘాటు పడదు కాబట్టి ఊదుబత్తి బంద్, మిరపకాయల తాలింపు బంద్, నా పౌడర్ బంద్. షెడ్డులో బల్లల కాళ్ళకు చీమలు ఎక్కకుండా నీళ్ళ గిన్నెలు పెడతాం. పిల్ల మంచం నాలుగు కాళ్ళ కిందా నాలుగు గిన్నెలు పెట్టాడు.

"చీమలు బడికి పోవద్దన్నాయా దాన్ని" అని అడిగాను.

"మెల్లగా మాట్లాడు. పురుగు పొర విడిచే ముందు తినేది మానేసి, తలెత్తుకోని కదలకుండా ఉంటుంది. అప్పుడు దాన్ని ముట్టకూడదు, ఆకు వేయకూడదు, సద్దు చేయకూడదు. తొందరపడితే పోతుంది. అది లేచేదాకా మనం కాచుకోవాల" అన్నాడు గుసగుసగా.

మా అమ్మకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. "నా మనవరాలిని చూసేదానికి నేను కాళ్ళు కడుక్కోవాలనా? నేను పురుగుల ఆఫీసరునా?" అంది. అయినా కడుక్కుంది. డెబ్బై ఆరేళ్ళలో ఆమె పాదాలు అంత తెల్లగా ఎప్పుడూ లేవు.

రోజుకు మూడుసార్లు అన్న ఆ కార్డు నింపేవాడు. 'ఆకు వేసిన వేళలు' గడిలో 'ఏడు గంటలకు ఇడ్లీ మూడు పెట్టినాము, రెండు మిగిలింది' అని. 'వేడి' గడి కోసం షెడ్డులో థర్మామీటరు తెచ్చి గదిలో వేలాడదీశాడు. 'తేమ' గడి దగ్గర రెండు రోజులు ఆలోచించి, పిల్ల ఎన్నిసార్లు ఏడ్చిందో అందులో రాయడం మొదలుపెట్టాడు. 'తేమ: రెండు మార్లు, మధ్యాహ్నం ఎక్కువ.' 'ఇతర విషయాలు' గడిలో మాటలు లెక్కపెట్టి రాసేవాడు. 'ఈ పొద్దు నాలుగు మాటలు. అందులో మూడు సుధాను పొమ్మని.'

ఒప్పుకోవడానికి మనసు రాదు గాని, ఆ నిశ్శబ్దం పిల్లకు మేలే చేసింది. ఎవరూ 'ఎప్పుడు పోతావు' అని అడగడం లేదు. వారం తిరిగేసరికి ఇడ్లీలు మూడూ తినసాగింది. తేమ ఒకసారికి తగ్గింది. కానీ గది మాత్రం దాటలేదు. బడి అన్న మాట వినబడితే మళ్ళీ గోడవైపు తిరిగేది. ఫిబ్రవరి వచ్చేసింది.

అప్పుడు పక్కింటి రామచంద్రప్ప మందు కొట్టే మిషన్ అడగడానికి వచ్చాడు. వాకిట్లో నిలబడి లోపలికి చూశాడు. తొట్టి చూశాడు, సున్నం చూశాడు, మంచం కింద గిన్నెలు చూశాడు, తలుపు పక్కన అట్ట చూశాడు. మా అమ్మ కాళ్ళు కడుక్కుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గుసగుసలాడుతూ లోపలికి పోవడం చూశాడు. మిషన్ అడగకుండానే వెనక్కి నడిచాడు. తిరిగి చూడకుండా వెనక్కే నడిచాడు, గేటు తగిలేదాకా.

సాయంత్రానికి పాల డెయిరీలో మా క్యాను వేరేగా పెట్టారు. మర్నాడు పొద్దున నర్సు అమ్మణి స్కూటీ మీద దిగింది. ముఖానికి మాస్కు, చేతులకు గ్లౌజులు, కరోనా కాలంలో చూసిన వేషం. ఆమె వెనక కాస్త దూరంలో రామచంద్రప్ప, ఇంకో ఏడెనిమిది మంది.

"అక్కా, ఇంట్లో ఏందో అంటురోగం ఉండాదంట. పాపను చూడాల" అంది అమ్మణి.

అన్న షెడ్డులో ఉన్నాడు. నా నోరు నన్ను అడగకుండానే కుట్టు పని మొదలుపెట్టింది.

"అంటురోగం లేదు, ఏమీ లేదు. జాండీసు. మందు పోస్తా ఉండాము, తగ్గిపోతుంది."

అంతటితో పోతుందనుకున్నాను. రామచంద్రప్ప రెండడుగులు ముందుకు వచ్చాడు.

"రెండేండ్ల ముందు ఆంజప్పకూ జాండీసే గదమ్మా. ఒకే ఇంట్లో రెండు మార్లు అంటే నీళ్ళలోనే ఏదో ఉండాది."

"అవునప్పా, నీళ్ళే. ఈ ఇంటికి నీళ్ళు యాడనుంచి?" అంది అమ్మణి.

"ఊరి బోరు. అందురం అవే తాగుతాము."

వెనక ఉన్నవాళ్ళలో ఒకామె గొంతు పట్టుకుంది. అమ్మణి ఫోను తీసింది. నీళ్ళు పరీక్షకు పంపాలి, అందాకా బోరు మూయించాలి, పై వాళ్ళకు చెప్పాలి అంటోంది. నా జాండీసు రెండు నిమిషాల్లో ఊరంతా పాకింది. ఆపాలంటే ఇంకొక అబద్ధం కావాలి. జీవితంలో మొదటిసారి నాకు అబద్ధం తట్టలేదు.

షెడ్డులోంచి అన్న వచ్చాడు. ఆకు గంప దించి, ఎప్పటిలాగే తొట్టిలో కాళ్ళు కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు. అప్పుడు మాట్లాడాడు.

"జాండీసు కాదమ్మా. పాపకూ కాదు. ఆ పొద్దు నాకూ కాదు."

నేను అతని చెయ్యి లాగాను. విదిలించుకోలేదు గాని ఆగలేదు.

"రెండేండ్ల ముందు నా పురుగులన్నీ గూడు కట్టే ముందు దినం మెత్తబడి చచ్చిపోయినాయి. కార్డు ప్రకారం అంతా చేసినాను. అయినా పోయినాయి. ఖాళీ షెడ్డులో కూర్చున్నాను. లేయాలంటే కాళ్ళు రాలేదు. ఊరికే గుండె కొట్టుకునేది, చేతులు వణికేటివి. తొమ్మిది దినాలు అట్లే ఉంటిని. ఊరికి ఏమి చెప్పేది అని ఈ సుధా జాండీసు అని చెప్పింది. చెప్పి ఊరుకుందా, నేల ఉసిరి రసం తొమ్మిది దినాలు తాపించింది."

అమ్మణి ఫోను దించింది. "జాండీసు లేకుండానే తాగినావా అన్నా?"

"రోజూ లోటా నిండా. ఆ చేదు ఇప్పటికీ నోట్లో ఉండాది."

"ఏమిటికి తాగినావు?"

"తాగకపోతే ఇది వదులుతుందా? నువ్వు దీన్ని చూడలేదా?"

అందరూ నన్ను చూశారు. ఎవరో కిసుక్కుమన్నారు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. అన్న మాత్రం తొణకలేదు.

"నా బిడ్డకు పరీక్షలో చేతులు వణికినాయి. భయం. అది అంటుకునే రోగం కాదు. ఇంట్లో దాచిపెట్టేదీ కాదు. నేనే తెలీక పురుగుల షెడ్డు మాదిరి చేసి పెట్టినాను."

అప్పుడు రామచంద్రప్ప గొంతు సవరించుకున్నాడు.

"హోసూరులో మావాడు గోపీనాథ్ ఇల్లు ఆరో అంతస్తు. నాకు షుగరు, డాక్టరు నడవమన్నాడు, అందుకే మెట్లెక్కుతాను అని అందురికీ చెప్తాను గదా. షుగరు లేదు. ఆ లిఫ్టు తలుపు మూసుకుంటే నాకు పాణం పోతుంది. మూడేండ్లుగా మెట్లే. వాళ్ళింట్లో టీలో చక్కెర కూడా వేయరు."

ఈసారి నవ్వు ఆగలేదు. అమ్మణి మాస్కు లాగేసి నవ్వింది. గుంపులోంచి నవ్వారు. నవ్వుల్లో ఒకటి మాత్రం ఇంటి లోపలి నుంచి వచ్చింది. తిరిగి చూశాను. సాయిప్రియ వాకిలి దగ్గర నిలబడి ఉంది. మూడు వారాలు దాటింది ఆ పిల్ల అక్కడిదాకా వచ్చి. పాదాలకు సున్నం అంటుకుని ఉంది. నవ్వు ముఖం మీద ఉండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాయినా, నీకు జాండీసు కాదా?"

"కాదు పాపా."

"మరి నాకేమిటికి చెప్పలేదు? మన ఇంట్లో నేనొక్కదాన్నే ఇట్లా అనుకుంటిని. అందురూ గట్టివాళ్ళే, నేనొకదాన్ని చెడిపోయి పుట్టినాను అనుకుంటిని."

ఆ మాట తిన్నగా వచ్చి నాకు తగిలింది. ఇన్ని రోజులు ఆ పిల్ల గోడకు చెప్పుకున్నది ఇదన్నమాట. నేను పరువు కాపాడానని అనుకుంటూ కూర్చున్నాను, పిల్ల ఒంటరిగా కూర్చుంది.

"మీ నాయిన చెప్పబోయినాడు. నేనే చెప్పనీలేదు. తప్పు నాది" అన్నాను. నలుగురి ముందు ఆ మాట అనడం నాకు అలవాటు లేదు. సాయిప్రియ నన్ను కాసేపు చూసింది. "ఉసిరి రసం నాకు తాపించవు గదా అత్తా" అంది.

అమ్మణి గ్లౌజులు తీసేసి టీ అడిగింది. తాగి పోతూ, భయానికి బ్లీచింగ్ పని చేయదని, తొట్టి తీసేయమని చెప్పింది. మా అమ్మ ఆ తొట్టిని తనే ఎత్తి పారబోసింది. ఆ మధ్యాహ్నం ఇంట్లో మిరపకాయల తాలింపుతో, మేము సారు అనే అనపగింజల పులుసు చేశాం. ఊరంతా తుమ్మేలా చేశాం.

అన్నం తిన్నాక సాయిప్రియ మేకు మీది కార్డు తీసుకుని అరుగు మీద కూర్చుంది. ఒక్కొక్క గడీ చదువుతూ పొట్ట పట్టుకుని నవ్వింది. "నాయినా, 'తేమ మధ్యాహ్నం ఎక్కువ' ఏంది?" అని అడిగింది. అన్న సిగ్గుపడుతూ ఆకు గంప సర్దుకుంటున్నాడు. చదువుతూ చదువుతూ పిల్ల ఒకచోట ఆగింది. కార్డును వెలుగుకు ఎత్తి పట్టుకుంది. ఒక గడి ఉండాల్సిన చోట పొడుగ్గా చిల్లు ఉంది. అందులోంచి వాకిలి కనబడుతోంది.

"ఈడ ఏముండేది నాయినా?"

"అది పురుగులకు. నీకు వద్దని కొట్టేసినాను."

"కొట్టేస్తే చినిగిపోతుందా?"

"గట్టిగా కొట్టినాను."

పిల్ల గడులు లెక్కపెట్టింది. తేదీ, వేడి, తేమ, ఆకు. ఆకు తర్వాత, షెడ్డులో ఏరి పారేసిన పురుగుల లెక్క రాసే గడి ఉంటుందని ఆ ఇంట్లో పుట్టిన పిల్లకు ఒకరు చెప్పనక్కరలేదు. కార్డు ఒళ్ళో పెట్టుకుని ఆ చిల్లు అంచులు వేలితో తడిమింది. అన్న గంప సర్దడం ఆపేశాడు. అప్పటిదాకా నాకు తొట్టి కనబడింది, గిన్నెలు కనబడ్డాయి, సున్నం కనబడింది. నా అన్న నెల రోజులుగా ఎంత భయపడుతున్నాడో కనబడలేదు.

"నేను అట్లా ఏమీ అనుకోలేదు నాయినా" అంది సాయిప్రియ.

"తెలుసు పాపా. నాకే కాళ్ళూ చేతులూ ఆడలేదు."

"ఎప్పుడన్నా అట్లా అనిపిస్తే నీకు చెప్తాను. నువ్వూ చెప్పాల."

"చెప్తాను" అన్నాడు అన్న.

ఆ తర్వాత రేణు మేడంతో ఫోనులో మాట్లాడి అడుగులు గీసుకున్నాం. మేడంకు కార్డు ఫోటో తీసి పంపితే, తను చూసినవాళ్ళలో ఇంత పద్ధతిగా ఎవరూ రాయలేదందట. ఆ ముక్క అన్న ఊరంతా చెప్పుకున్నాడు. మొదటి రోజు సాయిప్రియ బస్సెక్కి నా అంగడిదాకా వచ్చి, రెండు జాకెట్లకు హుక్కులు కుట్టి వెనక్కి పోయింది. రెండో రోజు బడి గేటుదాకా. మూడో రోజు గేటు దగ్గర కడుపునొప్పి వచ్చి తిరిగొచ్చింది. నేను నాలుక కరుచుకుని ఊరుకున్నాను. అన్న 'మూడో దినం: వెనక్కి' అని మామూలుగా రాశాడు. నాలుగో రోజు మేడం గదిలో అరగంట కూర్చుంది. ఐదో రోజు క్లాసులో కూర్చుంది.

ఆ మధ్యలో ఒకామె జాకెట్టు కొలతలు ఇస్తూ అడిగింది, మీ పాపకు జాండీసంట గదా అని. నోరు అలవాటుగా తెరుచుకుంది. "జాండీసు కాదమ్మా, భయం. తగ్గుతా ఉండాది" అన్నాను. ఆమె వెంటనే కుర్చీ లాక్కుని తన కొడుకు సంగతి గంటసేపు చెప్పింది. ఆ పూట నాకు కుట్టు పని సాగలేదు.

పదో తారీఖు లెక్కల పరీక్ష. అన్న, నేను బడి ఎదురుగా టీ అంగడిలో కూర్చున్నాం. అన్న పొద్దున్నుంచి ఏమీ తినలేదు. చొక్కా జేబులోంచి కార్డు తల బయటికి కనబడుతోంది. బెల్లు కొట్టాక పిల్లలందరూ వచ్చారు. ఆఖరున సాయిప్రియ వచ్చింది.

"మధ్యలో చెయ్యి వణికింది నాయినా. పెన్ను కింద పెట్టి, మేడం చెప్పినట్లు ఊపిరి లెక్కపెట్టినాను. తగ్గలేదు. నువ్వు లోటా పట్టుకోని ఉసిరి రసం తాగేది గుర్తొచ్చింది. నవ్వొచ్చింది. మళ్ళా రాసినాను."

"ఎన్ని లెక్కలు విడిచినావు?" అని నా నోట్లోంచి జారిపోయింది.

"మూడు" అంది. ఏడవలేదు.

అన్న కార్డు తీసి టీ బల్ల మీద పెట్టాడు. 'ఇతర విషయాలు' గడిలో గుండ్రటి అక్షరాలతో రాశాడు. 'చెయ్యి వణికింది. ఆగింది. మళ్ళా రాసింది.' రాసి, తలెత్తకుండా అట్లాగే కూర్చున్నాడు. సాయిప్రియ వంగి అతని ముఖం చూసింది. అతని చేతిలోంచి పెన్ను తీసుకుని కింద కొత్త వరుసలో 'ఆంజప్ప' అని రాసింది. ఆ పక్కన 'తేమ: ఒక మారు' అని రాసింది.

అన్న కండువాతో కళ్ళు తుడుచుకుని ఆ గడిని చూశాడు. పంతొమ్మిదేళ్ళుగా తప్పు కొలత రాయని మనిషి.

"రెండు అని రాయి పాపా. పొద్దున బస్సులో ఒక మారు అయింది" అన్నాడు.